జలపతి దింపిన నౌక

జలపతి గుడ్డ తడిపి, పిండి, కుర్చీని మళ్లీ తుడిచాడు. అతనున్నది చెక్కతో చేసిన చిన్న క్యాబిన్. లోపల ఒక కుర్చీ, ఒక లివరు, ఎదురుగా తెర మీద బూడిదరంగు చంద్రుడు. కొడిమ్యాల దగ్గరి ఆ కాలేజీలో అతను అటెండరు. విమానం మొహమే ఎరగని మనుషులు వ్యోమనౌకను ఎలా దించుతారో చూడటం అక్కడి విద్యార్థిని నిఖిత పరిశోధన. వంటావిడ దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరూ తెర మీద నౌకను దించేశారు. జలపతి ఒక్కడే రోజూ కూల్చేవాడు.

తప్పు అతని చేతిది. సిరిసిల్లలో సగం ఆయుష్షు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసిన చెయ్యి అది. పోగు తెగితే సాంచా ఆపాలి, ఆలస్యమైతే బట్ట పాడు. తెర మీద హెచ్చరికగా ఎర్రదీపం వెలగ్గానే ఆ చెయ్యి లివరును పూర్తిగా వెనక్కి లాగేసేది. ఇంజను ఆగేది, నౌక కూలేది.

"కాకా, గిది ఆపేది కాదు, మెల్లగ దించేది," అని నిఖిత చెప్పీ చెప్పీ అలిసిపోయింది.

ఇంట్లో ఇంకో గోల. గడప దాటగానే భార్య రాజమణి, "ఇయ్యాలన్న దిగిందా నీ బండి?" అనేది. నవ్వుతూనే అనేది. ఒక్కసారైనా "దిగింది" అని చెప్పాలని జలపతికి మహా ఆశ. సాంచా పని పోయాక ఆమె ముందు గొప్పగా చెప్పుకోవడానికి అతనికి ఏమీ మిగల్లేదు మరి.

ఆ రోజు జేబులోంచి నూలుపోగు తీసి, లివరును ముందున్న మేకుకు వదులుగా కట్టాడు.

"గట్ల కడితే లెక్కకు రాదు కాకా," అంది నిఖిత.

"రాకుంటే రాకపాయె బిడ్డా. పోగు తెంపుడు నా చెయ్యికి రాదు."

ఎర్రదీపం వెలిగింది. చెయ్యి వెనక్కి పోయింది. పోగు బిగిసింది, చెయ్యి ఆగింది. నౌక ఊగి ఊగి, పసిపిల్లను పక్క మీద పడుకోబెట్టినట్టు దిగింది. నిఖిత చప్పట్లు కొట్టింది. జలపతికి కళ్లు తడిశాయి. రాజమణికి ఫోను చేయమంటే తల అడ్డంగా ఊపాడు.

"ఫోన్ల ఎందుకు బిడ్డా, ఇంటికి పోయి చెప్త."

సాయంత్రం వేములవాడ మీదుగా పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. సిరిసిల్లలో అందరూ దిగారు. కండక్టరు వచ్చి భుజం తట్టాడు. జలపతి ఇక లేవలేదు.

మర్నాడు నిఖిత జలపతి ఇంటికి వెళ్లి, రాజమణి పక్కన కూర్చుంది.

"నిన్న దిగింది చిన్నమ్మా," అంది. "మెత్తగ దిగింది."

రాజమణి ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

కాలేజీలో, ఖాళీ కుర్చీ ముందు, లివరుకు కట్టిన ఆ నూలుపోగు తెగకుండా అలాగే ఉంది.