నూట పదిహేడో అట్ట

నేను ఒక క్యాసెట్‌ను. ఇటు ముప్పై నిమిషాలు, అటు ముప్పై నిమిషాలు, మొత్తం గంట బతుకు నాది. నాతో పుట్టినవాళ్ళు పాటలు పాడారు, హరికథలు చెప్పారు, పెళ్ళి పందిళ్ళలో మైకుల పక్కన దర్జాగా తిరిగారు. నా కడుపులో మాత్రం ఒక్క పాట కూడా లేదు. నన్ను మామూలు టేప్‌రికార్డర్‌లో పెట్టి నొక్కితే కీచుమని అరుస్తాను. విన్నవాళ్ళు చెవులు మూసుకుంటారు. ఆ అరుపులో నూట అరవై వరసల చిలకల అంచు ఉందంటే ఎవరూ నమ్మరు. నమ్మినవాళ్ళు ముగ్గురే. ఆ ముగ్గురి కథే ఇది.

ఏ ఊరి ఫ్యాక్టరీలో పుట్టానో నాకు సరిగా తెలియదు. గోధుమరంగు రిబ్బను చుట్టి, మూలలకు మరలు బిగించి, పెట్టెలో పెట్టేశారు. కళ్ళు తెరిచేసరికి ధర్మవరంలో ఒక ఫ్యాన్సీ స్టోర్ అద్దాల బీరువాలో ఉన్నాను. ఎనభై ఏడో సంవత్సరం. ఒక టీచరమ్మ వచ్చి ఖాళీ క్యాసెట్లు రెండు కావాలంది.

"ఏం పాటలు ఎక్కియ్యమంటారు మేడం?" అన్నాడు షాపతను.

"ఏం వద్దు. ఖాళీవే ఇయ్యప్పా."

"ఖాళీవాటితో ఏం చేసుకుంటారు? ఎక్కిచ్చుకోని పోండి, మంచి పాటలుండాయి."

ఆమె నవ్వి మా ఇద్దరినీ బ్యాగులో వేసుకుంది. పేరు పుష్పావతి. బాలికల హైస్కూల్లో లెక్కల టీచరు. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. బడికి కొత్తగా ఒక కంప్యూటర్ వచ్చింది. దాంతో పాటు ఒక టీవీ, ఒక టేప్‌రికార్డర్. ఆ రోజుల్లో ఆ కంప్యూటర్‌కు సొంత జ్ఞాపకం అంటూ లేదు. కరెంటు పోతే చదివిందంతా మరిచిపోయేది. అందుకని దానిలో రాసిన ప్రోగ్రాంను శబ్దంగా మార్చి నాలాంటివాళ్ళ మీద దాచేవారు. మళ్ళీ కావాలంటే నన్ను తిప్పి వినిపించాలి. నేను అరుస్తుంటే అది రాసుకునేది. ఇంత చదువుకున్న యంత్రం చివరికి ఒక క్యాసెట్ దగ్గర పాఠం చెప్పించుకోవడం నాకు లోలోపల కొంచెం గర్వంగానే ఉండేది.

పుష్పావతి తండ్రి చౌడప్ప అట్టలు కొట్టే మనిషి. పట్టుచీర అంచుకు బొమ్మ కావాలంటే ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్ళు నింపి గీస్తారు. ఒక్కో వరసకు ఒక్కో దళసరి అట్ట. నిండిన గడి ఉన్నచోట అట్టకు బెజ్జం. ఆ అట్టలన్నీ వరసగా కుట్టి మగ్గం నెత్తిన జాకార్డు పెట్టెకు తగిలిస్తే, బెజ్జం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అట్లా లేచిన పోగుల్లోంచే చిలకలు పుడతాయి.

"బెజ్జం ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. మా నాయన నలభై ఏండ్లుగా కంప్యూటర్ పనే చేస్తాండాడు, ఆయనకే తెలీదు," అని పుష్పావతి తొమ్మిదో తరగతి పిల్లలతో అంది. అని ఊరుకోలేదు. తండ్రి గీసిన చిలకల అంచును కంప్యూటర్‌లోకి ఎక్కిస్తానంది. గ్రాఫ్ అడిగితే చౌడప్ప కొంచెం నసిగాడు.

"రెండు దినాలు ఆగు పాపా, ఇస్తా."

రెండు రోజుల తర్వాత ఇచ్చాడు. ఆమె రెండు వారాలు సాయంత్రాలు కూర్చుని నూట అరవై వరసలూ కొట్టింది. టీవీలో చిలకలు బారుగా లేచాయి. పిల్లలు బెంచీలెక్కి చప్పట్లు కొట్టారు. తప్పు చదవకుండా ఉండాలని నిదానమైన వేగంతో నా మీద దాచింది. నా జంట క్యాసెట్ మీద కూడా ఇంకో కాపీ దాచింది.

ఆ జంట ఎక్కువ కాలం బతకలేదు. బడి వార్షికోత్సవం నాడు ఎవరో దాన్ని తీసి స్వాగత గీతం రికార్డు చేశారు. చిలకలన్నీ పోయి ఎనిమిదిమంది ఆడపిల్లల గొంతులు వచ్చాయి. పాట బాగానే ఉంది, ఏం లాభం. పుష్పావతి ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. పెన్ను పాళీతో నా వెన్ను మీది రెండు ప్లాస్టిక్ రెక్కలను విరిచేసింది. ఆ రెక్కలు లేకపోతే రికార్డు బటన్ దిగదు. ఇక నా మీద ఎవరూ ఏమీ రాయలేరు, ఆమెతో సహా.

నాలుగేళ్ళు బీరువాలో పడుకున్నాను. తొంభై ఒకటి ముసురు వానల్లో చౌడప్ప పనిచేసే కొట్టం పైకప్పు కూలింది. అట్టలు, గ్రాఫ్ కాగితాలు అన్నీ నానిపోయి అంబలయ్యాయి. అన్నిటికన్నా పెద్ద దెబ్బ చిలకల అంచు. ప్రతి ఉగాదికీ చౌడేశ్వరమ్మకు ఆ అంచుతోనే చీర నేయించి కట్టేవారు. అంచు చౌడప్పది, అది వాళ్ళ ఇంటి పరువు. కొత్తగా గీద్దామంటే ఆయన కంటిచూపు సగానికి పడిపోయింది. అంచు లేకపోతే ఈసారి చీర వేరే ఇంటివాళ్ళు నేయిస్తారు. ఒకసారి చేయి మారితే మళ్ళీ తిరిగిరాదు.

అప్పుడు గుర్తొచ్చాను నేను.

నాలో ఉన్నదాన్ని కాగితం మీదికి తేవాలంటే ప్రింటర్ కావాలి. అది అనంతపురం శిక్షణ కేంద్రంలో ఉంది. అక్కడి యంత్రం క్యాసెట్లను మానేసి చాలా కాలమైంది, ఫ్లాపీ తప్ప ముట్టుకోదు. పుష్పావతి బతిమాలి వాళ్ళ దగ్గర ఒక డిస్క్ డ్రైవ్ తెచ్చింది. దాంతో పాటు కాపీ ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ ఒకటి. శుక్రవారం తెచ్చింది, శనివారం పొద్దున్నే తిరిగి అప్పజెప్పాలి. మధ్యాహ్నం మూడింటికి ధర్మవరంలో కరెంటు పోతుంది, రాత్రికి గానీ రాదు. ఆమె అన్నీ తగిలించి కూర్చునేసరికి రెండు గంటలైంది.

అటెండర్ ఓబులేసు ఫ్యాను తిప్పాడు. చౌడప్ప చేతికర్ర పట్టుకుని వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. కాపీ ప్రోగ్రాం చేసే పని చెప్పడానికి చిన్నదే. నేను చెప్పేదాన్ని ముక్కలు ముక్కలుగా విని తన తలలో పెట్టుకుంటుంది. ప్రతి ముక్కకూ చివర లెక్క సరిచూసుకుంటుంది. మొత్తం విన్నాక ఒక్కసారిగా ఫ్లాపీ మీద రాస్తుంది. నడుమ కరెంటు పోతే విన్నదంతా గాలిలో కలిసిపోతుంది.

పుష్పావతి నన్ను పెట్టి బటన్ నొక్కింది. నాలుగేళ్ళ తర్వాత గొంతు విప్పాను. ముందు సన్నటి కూత, తర్వాత గరగర. తెర మీద ముక్కల అంకెలు లేచాయి. సున్నా ఆరు, సున్నా ఏడు, సున్నా ఎనిమిది, సున్నా తొమ్మిది, సున్నా ఏ.

"తొమ్మిది తర్వాత పది రావల్ల గదా మేడం. ఏ వచ్చిందేంది?" అన్నాడు ఓబులేసు.

"అది పదిహేను దాకా ఒంటి గుర్తుతోనే లెక్కబెడతాది, పదికి ఏ, పదకొండుకి బీ. నువ్వు ఊరకుండు."

"మిషన్‌కే లెక్కలు రాకుంటే ఇంగ పిల్లోల్లను ఏం కొడతారు మీరు?"

సున్నా డీ దగ్గర తెర ఆగింది. లెక్క తప్పింది, టేపు వెనక్కి తిప్పమంది. ఆమె తిప్పింది. మళ్ళీ అరిచాను, నా శక్తికొద్దీ. ఈసారి సున్నా డీ దాటాం, పదకొండు దాటాం, పద్నాలుగు దగ్గర మళ్ళీ ఆగింది. మూడోసారి సున్నా ఎనిమిది కూడా దాటలేదు. రెండు ఇరవై. పుష్పావతి చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"క్యాసెట్ పాతదైపాయ నాయనా. రిబ్బన్ చెడిపోయుంటాది."

నేను చెడిపోయానా? ఒక్క గీత కూడా వదలకుండా పట్టుకునే ఉన్నానే. చెప్పడానికి నాకు అరుపు తప్ప మాట లేదు.

చౌడప్ప కళ్ళు మూసుకుని ఉన్నాడు. "యాడ ఆగింది మొదట?"

"సున్నా డీ."

"రెండోతూరి?"

"పద్నాలుగు. ఇప్పుడు ఎనిమిది."

"అట్ట చినిగింటే ప్రతితూరీ ఒకే చోట తప్పు రావల్ల. చోటు మారతాందంటే తప్పు అట్టది కాదు, మగ్గందే." ఆయన లేచి టేప్‌రికార్డర్ దగ్గరికి వచ్చి చెవి ఆనించాడు. "ఇంగోతూరి కూయించు. ఆ మొదటి కూత."

పుష్పావతి నొక్కింది. సన్నటి కూత మొదలైంది.

"తూలతాంది చూడు. సన్నం, లావు, సన్నం. తాడు వదులైన మగ్గం ఇట్లే మూలుగుతాది. దీనిలోపల తిప్పే తాడేదో ఉంటాది గదా?"

ఓబులేసు స్క్రూడ్రైవర్ తెచ్చాడు. మూత తీస్తే లోపల సన్నటి రబ్బరు బెల్టు సాగిపోయి వేలాడుతోంది. ధర్మవరం అంతా తిరిగినా ఆ కొలతది దొరకదు. దొరికినా టైము లేదు. రెండు ముప్పై మూడు.

"సాగిన రబ్బరును మరిగే నీళ్ళల్లో ఏస్తే ముడుసుకుంటాది మేడం," అన్నాడు ఓబులేసు. "మా బామ్మర్ది రేడియో షాపులో జూసినా." బెల్టు చేతిలో పట్టుకుని గేటు ముందున్న టీ బంకుకు పరుగెత్తాడు. టీ డికాక్షన్‌లో వేశాడో, ఉత్త నీళ్ళలో వేశాడో గానీ, పది నిమిషాల్లో వగర్చుకుంటూ తిరిగొచ్చాడు. బెల్టు వేడిగా ఉంది, కొంచెం ఏలకుల వాసన కూడా వేసింది. తుడిచి బిగించారు.

రెండు యాభై ఒకటి. మొత్తం వినడానికి ఐదు నిమిషాలు, రాయడానికి ఒక నిమిషం. తప్పితే మళ్ళీ మొదలుపెట్టే వ్యవధి లేదు.

కూత మొదలైంది. సూటిగా, పోగు లాగి కట్టినట్టు. చౌడప్ప తల ఊపాడు. సున్నా ఎనిమిది. సున్నా డీ. పదకొండు. పద్నాలుగు దగ్గర ఓబులేసు కళ్ళు మూసుకుని కుళ్ళాయిస్వామిని తలుచుకున్నాడు. పద్నాలుగు దాటింది. పదిహేడు. పంతొమ్మిది. ఒకటి ఏ, ఒకటి బీ, ఒకటి సీ. నా అరుపు ఆగింది. డ్రైవ్ మీద ఎర్ర దీపం వెలిగింది. ఫ్లాపీ గిర్రున తిరిగి, టకటకమని రాసుకుని, ఆగింది. దీపం ఆరింది. పుష్పావతి ఫ్లాపీని బయటికి లాగి కాగితం కవరులో దూర్చింది. ఇంకో మూడు నిమిషాలకు ఫ్యాను మెల్లగా నిలిచిపోయింది.

"ఇప్పుడు పో," అన్నాడు ఓబులేసు కరెంటుతో.

మర్నాడు అనంతపురం. ఫ్లాపీతో పాటు నన్ను కూడా బ్యాగులో వేసుకొచ్చింది, తోడు పెళ్ళికొడుకులాగా. ప్రింటర్ గీగీమంటూ చిలకలను కాగితం మీదికి దింపింది. పుష్పావతి చేత్తో తడిమి మురిసిపోయింది. భూతద్దంతో చూసింది.

ప్రతి చిలక ముక్కూ విరిగి ఉంది. కింది ముక్కు ఒక గడి పక్కకు జరిగింది. పాత టీవీ మసకలో ఇన్నేళ్ళూ అది ఎవరికీ కనిపించలేదు. వరసలు లెక్కపెట్టింది. నూట పదిహేడు. నిన్న రెండోసారి ఆగిన చోటికి దగ్గరే. తప్పు చదివితే ప్రోగ్రాం ఆగిపోవాలి. ఆగలేదు. మరి ముక్కు ఎట్లా విరిగింది? బస్సులో ధర్మవరం వచ్చేదాకా ఆమె నన్ను పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఆ చేతి చెమట నాకింకా గుర్తుంది.

ఇంటికొచ్చి కాగితం తండ్రి ముందు పరిచి, వేలితో చూపించింది. "పోయింది నాయనా. ఒక వరస పోయింది. నాకు తెలీకుండా యాడ పోయిందో."

చౌడప్ప భూతద్దం తీసుకుని, సూది మొనతో వరసలు లెక్కబెట్టుకుంటూ వచ్చాడు. నూట పదిహేడు దగ్గర సూది ఆగింది. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకుంది పుష్పావతి. ఆయన నవ్వుతున్నాడు.

"ఏమీ పోలేదు పాపా. అంతా వచ్చింది. నేను పెట్టిన తప్పు గూడా వచ్చింది."

"నువ్వు పెట్టిందా?"

"నా గ్రాఫ్ బయటికి పోవల్లంటే ఒక వరస తప్పుగా గీసి ఇస్తా. ఎవుడన్నా దొంగతనంగా అట్టలు కొట్టుకుంటే చిలక ముక్కు ఇరిగి దొరికిపోతాడు. సరైన అట్ట ఒకటే, నా చేతిలోనే ఉంటాది. మగ్గం మీద నేనే మారుస్తా. ఆపొద్దు నువ్వు అడిగితే అందుకే రెండు దినాలు తీసుకుంటి, తిరగ గీసేదానికి."

పుష్పావతి కాగితాన్ని తన వైపు లాక్కుంది. "నా మీద గూడా నమ్మకం లేకపాయనా?"

"నీ మీద కాదు, మిషన్ మీద." గొంతు తగ్గించాడు. "నీ మీద గూడా కొంచెం. అప్పుడు."

ఆమె కోపంగా చూసింది. చూసి, ఆపుకోలేక నవ్వేసింది. నాలుగేళ్ళు నా కడుపులో ఒక తప్పును ఒప్పుకన్నా భద్రంగా మోశానని నాకు అప్పుడే తెలిసింది. ఇంతకన్నా గొప్ప సాక్ష్యం ఏ క్యాసెట్‌కైనా ఉంటుందా?

"ఫ్లాపీలో దిద్దేనా నాయనా?"

"వద్దు. దాంట్లో అట్లే ఉండనీ. ఇట్లా కూచో. చెప్తా, రాసుకోవద్దు. మనసులో పెట్టుకో." ఆయన కళ్ళు మూసుకుని, గాల్లో బెజ్జాలు కొడుతున్నట్టు వేళ్ళు ఆడించాడు. "ఏడు వదులు, రెండు కొట్టు, ఒకటి వదులు..." ఆమె వెంట వెంట అంటూ పోయింది. మూడుసార్లు అప్పజెప్పించుకున్నాడు. మూడోసారికి తప్పలేదు.

అట్టలు ఆయన చూపుకు అందలేదు. ఆమే కొట్టింది, నూట అరవై. ఉగాదికి అమ్మవారి చీర అంచున చిలకలు నిండు ముక్కులతో నిలబడ్డాయి.

ఇప్పుడు ఆ కంప్యూటర్ లేదు, పాత సామాన్ల వేలంలో పోయింది. ఫ్లాపీకి బూజు పట్టింది. చౌడప్ప లేడు. పుష్పావతి మేడం రిటైరయింది. నేను ఆమె బీరువాలో, నగల డబ్బా పక్కన ఉన్నాను. రెక్కలు విరిగి ఉన్నాయి కాబట్టి నన్ను ఎవరూ మార్చలేరు. అడిగినవాళ్ళకు నా దగ్గరున్నది ఉన్నట్టు ఇస్తాను, విరిగిన ముక్కుతో సహా. సరైన ముక్కు కావాలంటే మేడంనే అడగాలి. ఆమె చెబుతుంది కూడా. కాకపోతే ముందు రెండు రోజులు ఆగమంటుంది.