ఆఖరి చరణంలో పేరు

కోదాడలో సుమన్ కొత్త స్టూడియో చూడగానే నాకు ఒళ్లు మండింది. గోడలకు మెత్తటి అట్టలు, ఏసీ చల్లదనం, తలుపు దగ్గర చెప్పులు విప్పమని బోర్డు. నా పాట డబ్బులతో కట్టిన గదిలోకి నేనే చెప్పులు విప్పి వెళ్లాలి.

నాలుగేళ్లు అతని జానపద బృందంలో పాడాను. పాప పుట్టాక మానేశాను. మానేసే ముందు పాడిన, వరి నాట్లప్పుడు పాడుకునే నాటు పాటను ఇవాళ యూట్యూబ్‌లో కోటి మంది దాకా విన్నారు. మిర్యాలగూడలో మా ఇంటి ముందు ఏ బరాత్ పోయినా నా గొంతే. ఆ రోజు నాకు దక్కింది ఒక చీర, బస్సు కిరాయి. ఇప్పుడు మా ఆయన లక్ష్మణ్ రైస్ మిల్లులో బస్తాలు మోసి మోసి నడుము పోయి మంచంలో ఉన్నాడు. అందుకే అభిమానం చంపుకుని వాటా అడగడానికి వచ్చాను.

సుమన్ అవుననలేదు, కాదనలేదు. కెమెరా అప్పు తనదని, ఛానెల్ తనదని, ఊరూరా తిరిగి స్టేజీల మీద పాటను నిలబెట్టింది ఇప్పుడున్న వాళ్లని చెప్పుకొచ్చాడు.

“నువ్వు వదిలేసి వెళ్లావు కదా కల్పనా. పాడేవాళ్లదే పాట” అన్నాడు చివరికి.

మా పుట్టింటి వాళ్లది గొర్ల మంద. గొర్రెను ఒకరికి సగం పాలుకు పెంచమని ఇస్తే, అది ఎవరి దొడ్లో ఈనినా పిల్లల్లో సగం ఇచ్చినవాళ్లదే. ఆ మాటే చెప్పాను. గొర్రె నీదేనని రుజువేంటి అన్నాడు.

“ఆఖరి చరణం ఇను. ‘మడిల వడ్డ పట్టగొలుసు మల్ల దొరుకునా, కల్పనా.’ నాటు పాటల కట్టినోళ్ల పేరే ఉంటదన్నా.”

పాట మళ్లీ పెట్టుకుని విన్నాడు, మెత్తబడ్డాడు. పాట కట్టింది నేనేనని మా ఊరి పెద్దవాళ్లు ఒకరు వేలిముద్ర వేస్తే, వచ్చేదాంట్లో నాలుగో వంతు ఇస్తానన్నాడు. కాగితం అక్కడే ప్రింట్ తీసిచ్చాడు.

నాకు వెంటనే యాదమ్మత్త గుర్తొచ్చింది. తుంగతుర్తి దగ్గర మా ఊళ్లో, పదిహేనేళ్ల వయసులో ఆమె పక్కన వంగి నాటు వేస్తూ నేర్చుకున్న పాట అది. మా దగ్గర పాట ఎత్తుకున్న మనిషి ఆఖర్న తన పేరు పెట్టుకోవడం ఆనవాయితీ. నేనూ పెట్టుకున్నాను. పెట్టుకుని పెట్టుకుని నాదేననుకున్నాను. ఎత్తుకున్నవాళ్ల పేరును కట్టినవాళ్ల పేరని సుమన్‌కు చెప్పినప్పుడు అబద్ధమాడుతున్నానని కూడా అనిపించలేదు. సూర్యాపేటలో బస్సు మారేటప్పుడు కూడా నా మనసు పీకలేదు.

యాదమ్మత్త గడపలో కూర్చుని, ఫోన్ చెవికి ఆనించుకుని పాటంతా వింది. ఆఖరి చరణం దగ్గర ఎడమ కాలి చీలమండ మీద చెయ్యి వేసుకుంది. కొత్త కోడలిగా ఉన్నప్పుడు పట్టగొలుసు మడిలో జారిపోతే అత్తగారు మూడు రోజులు అన్నం పెట్టలేదట. ఆ బురదలో వెతుక్కుంటూ కట్టిన పాటట. నవ్వుతూనే చెప్పింది. నా కాళ్లకు ఏనాడూ పట్టగొలుసులు లేవు.

సిగ్గుతో చచ్చిపోయాను. కాగితం మడిచి దాచబోతే ఆమే లాక్కుంది.

“ఏలు ఏడ వెయ్యాలె బిడ్డా? నేను మడి దిగక పదేండ్లాయె. పాడెటోళ్లదే పాట.”

వేసింది కూడా. సుమన్ నాతో అన్న మాటే అది. అతను అంటే మండిపడిన దాన్ని, ఆమె అంటే కళ్లకద్దుకుని తీసుకోవాలా? తీసుకుంటే సుమన్ చెప్పిందే న్యాయమవుతుంది. తీసుకోకపోతే లక్ష్మణ్ మందులకు దిక్కు లేదు. వచ్చిన బస్సు వదిలేసి, స్టాపులోనే నిలబడి సుమన్‌కు ఫోన్ చేశాను.

“అన్నా, పాట కట్టింది యాదమ్మత్త. నాటేసేకాడ ఎవలు పాడితే వాళ్ల పేరు పెట్టుకుంటరు. కట్టినందుకు ఆమెకో వాటా, పాడినందుకు నాకో వాటా రాయి.”

అతను ఆ మాటనే పట్టుకున్నాడు.

“ఎవరు పాడితే వాళ్ల పేరా?” అని నెమ్మదిగా అడిగాడు. అవునన్నాను. ఆలోచించి చెప్తానన్నాడు. ఆ తర్వాత నా ఫోన్ ఎత్తలేదు.

నెల తిరిగాక ఒక సాయంత్రం మా వీధిలో బరాత్ పోతోంది. డీజేలో అదే పాట, గొంతు మాత్రం వేరు. సుమన్ బృందంలో నా చోటికి వచ్చిన పిల్లదని పోల్చుకున్నాను. గడపలో నిలబడి ఆఖరి చరణం దాకా విన్నాను.

‘మడిల వడ్డ పట్టగొలుసు మల్ల దొరుకునా, శ్రీవాణీ.’

తిట్టడానికి నోరు తెరిచాను. ఏమని తిట్టను? నేను చేసిందే ఆ పిల్లా చేసింది. యాదమ్మత్త వేలిముద్ర వేసిన కాగితం బీరువాలో చీరల కింద అట్లాగే ఉంది.