నాలుగో అంతస్తులో ఎడమ తలుపు

కండక్టరు రిటైరయి ఎనిమిది నెలలయింది. అయినా వీధిలో అందరూ ఆయన్ని కండక్టరనే పిలిచేవారు. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక గోడ గడియారం విప్పాడు, తిరిగి బిగించలేకపోయాడు. కుళాయి బాగుచేస్తానని వంటగదంతా నీళ్ళపాలు చేశాడు. ఆఖరికి భార్య చేతులు జోడించి, "మీరు ఎక్కడికైనా వెళ్ళి కాసేపు తిరిగి రండి మహానుభావా" అంది. సరిగ్గా ఆ వారంలోనే వదిన కబురు పెట్టింది.

వదిన చర్చిలో సహాయం పనులు చూసే బృందానికి పెద్ద. చర్చి వెనక గదిలో బల్లల మీద బియ్యం, పప్పు, నూనె, సబ్బులు పేర్పించి, ప్రతి శనివారం పొద్దున్నే సంచుల్లో సర్దించి, మంచాన పడ్డవాళ్ళకీ, పని పోయినవాళ్ళకీ, చూసే దిక్కులేనివాళ్ళకీ పంపించేది. కండక్టరు చర్చి గడప తొక్కేది ఏడాదికి రెండు మూడుసార్లు, అదీ ఆఖరి బెంచీ వరకే. ఆ సంగతి వదినకు బాగా తెలుసు.

"నీచేత ప్రార్థనలు చేయిద్దామని కాదులే మరిదీ," అంది. "నాకు మెట్లెక్కే కాళ్ళు కావాలి. మా బృందంలో అందరివీ నొప్పులే."

ఒక కాగితం ముక్క చేతిలో పెట్టింది. అందులో వీధి పేరు, భవనం గుర్తు, కింద "నాలుగో అంతస్తు, ఎడమ చేతి తలుపు, ఒంటరి ఆడమనిషి" అని ఉంది.

"ఒక్కమాట. ఆరాలు తియ్యకు. పేరేంటి, పిల్లలేరి, ఎందుకిలా అయింది అని అడగొద్దు. అడుక్కుతింటున్నామని వాళ్ళకి అనిపించకూడదు. మీకోసం తెచ్చానమ్మా అని సంచి ఇవ్వు, బాగోగులు కనుక్కో, వచ్చెయ్."

సంచి మీద చర్చి పేరు కూడా అచ్చు వేయించలేదు ఆవిడ. కుడిచేత్తో ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని ఆవిడ పట్టుదల.

కండక్టరు బస్సు దిగిన చోటు నుంచి ఆ భవనానికి వెనక గేటు దగ్గర. వెనక మెట్లెక్కి, నాలుగో అంతస్తులో వసారా వెంట నడిచి, ఎడమ చేతి తలుపు కొట్టాడు. డెబ్భై దాటిన ఆవిడ తలుపు తీసింది. ఇస్త్రీ చీర, మెడలో గొలుసుకు వేలాడుతున్న కళ్ళజోడు. సంచి చూసి, ఆయన్ని చూసి, "ఎవరు పంపారు?" అంది.

వదిన పాఠం గుర్తుంది. "మీ మంచి కోరేవాళ్ళేనమ్మా. మీకోసం తెచ్చాను."

ఆవిడ సంచిలో చెయ్యి పెట్టి పైనున్న ఆకుపచ్చ సబ్బు తీసి, వాసన చూసి, దాన్ని చేతిలోనే ఉంచుకుంది. తర్వాత, "లోపలికి రా బాబూ, ఎండలో వచ్చావు" అంది.

లోపలికి వెళ్ళాక కండక్టరుకు మతి పోయింది. గోడంతా పుస్తకాలు. పెద్ద ఫ్రిజ్. కిటికీలకు ఉతికిన తెరలు. ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరయిందని మాటల్లో తెలిసింది. ఆయన ఇంట్లో కంటే ఆ ఇంట్లోనే అన్నీ ఎక్కువ ఉన్నాయి. సాయంత్రం ఉండబట్టలేక వదినను అడిగాడు.

"వదినా, ఆవిడకి లోటేమీ కనపడలేదే?"

"కష్టం పైకి కనపడి ఏడుస్తుందా మరిదీ? ఆరాలు వద్దన్నానా లేదా?"

సరే, మనకెందుకులే అనుకున్నాడు.

వరసగా ఆరు శనివారాలు వెళ్ళాడు. టీచరమ్మ అరగంట కూర్చోబెట్టేది. టీ ఇచ్చేది. ఆయన బస్సు కబుర్లు చెబితే కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వేది. కానీ మధ్యమధ్యలో ఆవిడ అడిగే ప్రశ్నలు మాత్రం అంతుపట్టేవి కావు.

"వాడు బాగున్నాడా?" అంది రెండో వారం.

ఎవరు? పాస్టరు గారి గురించేమో. ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్నాడేమో, అందుకే వాడంటోంది. "బాగున్నారమ్మా. మోకాళ్ళే కాస్త ఇబ్బంది పెడుతున్నాయి," అన్నాడు.

"అప్పుడే మోకాళ్ళా!" అని ఆవిడ నిట్టూర్చింది. "చిన్నప్పుడు గోడలు దూకేవాడు."

పాస్టరు గారు గోడలు దూకడం కండక్టరు ఊహకు అందలేదు. అయినా తలూపాడు. ఆరాలు తియ్యకూడదు కదా.

మరో వారం, "నాకు కోపం పోయిందని చెప్పు," అంది. చెప్పాడు. పాస్టరు గారు అయోమయంగా చూసి, "ఎవరికి? ఎందుకు?" అన్నారు. ఏమో అన్నాడు కండక్టరు.

ఏడో వారం శుక్రవారం వదిన ఆయన్ని సామాన్ల గదికి పిలిపించింది. ఆవిడ మొహంలో నవ్వు లేదు. చుట్టూ నలుగురు ఆడవాళ్ళు పప్పు పొట్లాలు కడుతున్నట్టు నటిస్తూ చెవులు ఇటు వేశారు.

"మరిదీ, ఆ సంచులు ఎవరికిస్తున్నావు?"

"అదేంటి వదినా? ఆవిడకే."

"ఆవిడ ఇప్పుడే ఫోన్ చేసింది. ఆరు వారాలుగా ఎవరూ రాలేదట. ఇస్తారో ఇవ్వరో ఒక్కమాట చెప్పండి, వేరే దారి చూసుకుంటానంది."

కండక్టరు ఆవిడ చేతి టీ ఆరుసార్లు తాగాడు. పోయిన శనివారం బల్బు కూడా మార్చి వచ్చాడు. మరి రాలేదంటుందేమిటి? మతిమరుపా? లేక తనకే ఏమన్నా అయిందా?

"ముప్పై ఏళ్ళు బస్సులో చేశాను వదినా. ఒక్క మనిషిని తప్పు స్టాపులో దించలేదు. బియ్యం సంచికి ఆశపడతానా?"

"నేనేమీ అనలేదయ్యా. పద, ఇద్దరం వెళ్ళి అడుగుదాం."

మర్నాడు ఆ వారం సంచి పట్టుకుని ఆటోలో వెళ్ళారు. ఆటో ముందు గేటు దగ్గర ఆగింది.

"ఈ మెట్లు కాదు వదినా, వెనకవి," అన్నాడు.

"ఏ మెట్లయితేనేం, ఇల్లు ఒకటేగా," అని ఆవిడ ఆయాసపడుతూ ఎక్కేసింది.

నాలుగో అంతస్తులో వసారాకు అటొకటి ఇటొకటి రెండే తలుపులు. వదిన ఎడమ తలుపు కొట్టింది. కండక్టరు దాని ఎదురు తలుపు ముందు నిలబడి, "వదినా, ఇది," అన్నాడు.

"అది కుడి కదయ్యా!"

"వెనక నుంచి వస్తే ఇదే ఎడమ..." అని, ఆ మాట నోట్లో ఉండగానే ఆగిపోయాడు.

రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. ఆయన ముందు టీచరమ్మ చిరునవ్వుతో. వదిన ముందు ఒక యాభై ఏళ్ళ మనిషి, నడిచే ఫ్రేము పట్టుకుని, మోకాలికి కట్టుతో.

ఆ రెండో ఆవిడ ఒక హోటల్లో బట్టలు ఇస్త్రీ చేసే మనిషి. తడి నేల మీద జారి పడింది. మోకాలికి ఆపరేషనయింది. ఆసుపత్రి నర్సు ఆవిడ సంగతి చర్చికి చెప్పింది. వదిన కాగితం మీద రాసింది ఆవిడ గురించే.

"వస్తారు వస్తారని చూశానక్కా," అంది వదినతో, ఏడవకుండా, కాగితం చూసి చదువుతున్నట్టు. "శనివారం చెప్పుల చప్పుడు వినపడేది. ఈ ఫ్రేము పట్టుకుని నేను తలుపు దాకా వచ్చేసరికి ఎదురు తలుపు మూసుకునేది. లోపల నవ్వులు. మొదటివారం పొరపాటనుకున్నా. రెండోవారం ఆవిడకి నాకంటే ఎక్కువ అవసరమేమో అనుకున్నా. ఆ తర్వాత, నేను చర్చికి రాను కదా, అందుకేమో అనుకున్నా."

"అయ్యో, ఎంతమాట తల్లీ! తిండికేం చేశావు మరి?"

"హోటల్లో నాతో పనిచేసే పిల్ల వారానికి రెండుసార్లు తెచ్చేది. మాత్రలు తిన్నాక వేసుకోవాలన్నారు. తిన్నరోజే వేసుకున్నా."

టీచరమ్మ గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడింది. "చర్చి ఏమిటి?" అంది కండక్టరుతో. "నిన్ను పంపింది మా తమ్ముడు కాదా?"

"తమ్ముడెవరమ్మా?" అన్నాడు కండక్టరు.

అమ్మను ఆసుపత్రిలో ఎవరు చూసుకోలేదన్న దగ్గర మాటా మాటా పెరిగి, పంతొమ్మిదేళ్ళుగా అక్కకీ తమ్ముడికీ మాటల్లేవు. ఈమధ్య ఒక చుట్టం, "నీ తమ్ముడు నీ అడ్రసు అడిగాడు" అని చెప్పింది. ఆ మరుసటి వారమే తలుపు ముందు ఎవరో సంచి పట్టుకుని నిలబడ్డారు. పైన చిన్నప్పుడు ఇంట్లో వాడిన సబ్బు. ఎవరు పంపారంటే, మీ మంచి కోరేవాళ్ళంటాడు. ఆవిడ ఇంకేమనుకుంటుంది? నాలుగో వారం తానే తమ్ముడికి ఫోన్ చేసింది. అప్పటినుంచి రోజూ మాట్లాడుకుంటున్నారు.

ఆవిడ అక్కడే, అందరి ముందే ఫోన్ తీసి తమ్ముడికి కలిపింది. కంగారులో వేలు తగిలి స్పీకరు దానంతటదే పడింది.

"ఒరేయ్, నిజం చెప్పు. ఆ సంచులు నువ్వు పంపలేదా?"

"లేదక్కా. నువ్వు ఏ సంచులంటున్నావో ఆ రోజే అర్థం కాలేదు. నా మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగావు చూడు, అదీ అర్థం కాలేదు. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. కాదంటే ఫోన్ పెట్టేస్తావేమోనని... ఊఁ కొట్టాను."

టీచరమ్మ ఏడ్చిందో నవ్విందో కండక్టరుకు తెలియలేదు. రెండూ ఉన్నట్టే ఉంది. "పెట్టెయ్యను లేరా," అంది. "సాయంత్రం చేస్తాను."

వదిన కళ్ళు తుడుచుకుని, "దేవుడి పని చూశావా మరిదీ," అంది.

"అక్కాతమ్ముళ్ళు కలిశారు, సంతోషం," అంది ఇస్త్రీ ఆవిడ ఫ్రేము మీదికి వంగి. "మరి నా ఆరు వారాలు ఎవరిస్తారు?"

టీచరమ్మ గబగబా లోపలికి వెళ్ళి రెండు చేతులా సామాన్లు పట్టుకొచ్చింది. "మీరు నాకేమీ బాకీ లేరండీ, తీసుకెళ్ళండి," అని ఇస్త్రీ ఆవిడ తల తిప్పుకుంది. కండక్టరు తెచ్చిన సంచి మాత్రం తీసుకుంది.

"ఆవిడింట్లో ఎంతసేపు కూర్చునేవాడివి?" అంది ఆయనతో.

"అరగంటమ్మా."

"అయితే కూర్చో."

కూర్చున్నాడు. గదిలో ఒక మంచం, ఒక స్టూలు, గోడకు తగిలించిన హోటలు యూనిఫాం. చెప్పుకోవడానికి ఒక్క బస్సు కబురూ నోటికి రాలేదు. అరగంట ఇద్దరూ గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

ఆదివారం పాస్టరు గారు ఆ కథంతా విని పొంగిపోయారు. విరిగిపోయిన కుటుంబాన్ని దేవుడు ఎంత విచిత్రంగా కలిపాడో చూడండని చెప్పి, కండక్టరును లేచి తన అనుభవాన్ని అందరికీ సాక్ష్యంగా చెప్పమన్నారు. కండక్టరు ఆఖరి బెంచీలో లేచి నిలబడ్డాడు. అందరూ వెనక్కి తిరిగారు.

నేను సరైన తలుపే కొట్టి ఉంటే వాళ్ళిద్దరూ కలిసేవారు కాదు. తప్పు తలుపు కొట్టాను కాబట్టి ఇస్త్రీ ఆవిడ పస్తులుంది. మొదటిది దేవుడు చేసి, రెండోది నేను చేశానా? లేక రెండూ ఆయనే చేశాడా? రెండూ నేనేనా? ఇదంతా మనసులో తిరిగింది కానీ, మాటగా ఒక్కటీ కుదరలేదు.

"నాకు అర్థం కాలేదండీ," అని కూర్చున్నాడు.

ఎవరో ఆమెన్ అన్నారు. ఎందుకన్నారో అదీ ఆయనకు అర్థం కాలేదు.

ఆ తర్వాత ప్రతి శనివారం ఇస్త్రీ ఆవిడ ఇంటికే వెళ్ళాడు. సంచి ఇచ్చేవాడు, కూర్చునేవాడు. రెండో వారం ఆవిడ పడిన రోజు సంగతి చెప్పింది. మూడో వారం హోటలు మేనేజరును బండబూతులు తిట్టింది. అయిదో వారం ఫ్రేము లేకుండా తలుపు తీసింది.

"ఎల్లుండినుంచి పనిలోకి వెళ్తున్నా అన్నా. ఇక నువ్వు రానక్కర్లేదు."

"మంచిదమ్మా," అన్నాడు. పోదామని లేచి, ఆగాడు. "నా మీద కోపం పోయిందా?"

"తెలీదన్నా. నువ్వొస్తే పోయినట్టే ఉంటుంది. వెళ్ళాక మళ్ళీ వస్తుంది."

చర్చి వెనక గదిలో వదిన ఆయన కోసం ఎదురుచూస్తోంది. "ఏమంది?"

"ఇక రావద్దంది."

"కోపంగానా?"

"ఏమో వదినా." బల్ల దగ్గర ఖాళీ సంచి ఒకటి తెరిచి పట్టుకుని అందులోకి చూస్తూ నిలబడ్డాడు. "ఆదివారాలు తనకి సెలవట. అది మాత్రం రెండుసార్లు చెప్పింది."