సైదా ఎడమ కాలు

ఆ పొద్దున మూడోవాడు గోనె పట్టా మీద బోర్లా పడుకుని, బనీను మెడ దాకా లాక్కుని, "కానియ్ సైదన్నా, కాటాలు మొదలవుతాయి" అన్నాడు. సైదా రేకుల షెడ్డు స్తంభాన్ని పట్టుకుని ఎడమ కాలు ఎత్తాడు. అది ఎటు పోతోందో చూస్తూ దించాడు. బొటనవేలు నడుం గుంటలో ఆనింది. కాస్త బరువు, ఇంకాస్త బరువు. ఎక్కడో టక్కుమంది. కిందున్నవాడు "హమ్మయ్య, ఎముక కూర్చుంది" అని లేచి, తుమ్మి, టిక్కీల గుట్ట వైపు వెళ్ళిపోయాడు.

గుంటూరు మిరప యార్డులో టిక్కీ అంటే మిరపకాయల బస్తా. అవి మోసే హమాలీకి నడుముంటుంది. నడుమున్నాక పట్టేస్తుంది. పట్టేస్తే సైదా ఉన్నాడు. సైదా ఎదురుకాళ్ళతో పుట్టినవాడు. అలాంటివాడి కాలు తగిలితే పట్టేసిన నడుం వదిలేస్తుందని ఆ షెడ్డులో నమ్మనివాడు లేడు. వాళ్ళమ్మ మాబూబీ చెప్పిన ప్రకారం, పొదిలి పక్క పల్లెలో సైదా ముందు కాళ్ళు బయటపెట్టి, ఊరు నచ్చక మళ్ళీ లోపలికి లాక్కున్నాడట. మంత్రసాని పాదాలు పట్టుకుని బతిమాలితే గాని రాలేదట. యార్డులో చెప్పుకునేది ఇంకా పెద్దది. సింగరాయకొండ నుంచి వచ్చిన ఎద్దుకు నడుం పట్టేస్తే సైదా కాలు ఆనించాడట. ఎద్దు లేచి, బండి మీద నిద్రపోతున్న రైతుతో సహా పరుగు తీసి, సింగరాయకొండలో వాళ్ళ ఇంటి ముందు ఆగిందట. రైతు కళ్ళు నులుముకుని, అప్పుడే అమ్మేశామా అన్నాడట.

సైదా ఈ కథలను కాదనడు, ఔననడు. అతని అసలు పని టిక్కీల మూతులు కుట్టడం. కూర్చుని కుట్టడం, లేచి తొక్కడం, మళ్ళీ కూర్చుని కుట్టడం. పెళ్ళయింది, భార్య నసీమున్నీసా పోయింది, కూతురు షాహిస్తా మంగళగిరిలో కాపురం చేసుకుంటోంది. వీటన్నిటి మధ్యా గోనె, పురికొస, దబ్బనం.

రెండేళ్ళు అతని సొంత నడుం నుంచి ఎడమ పిక్క దాకా కాల్చిన తీగ పెట్టినట్టు లాగింది. అతన్ని తొక్కడానికి ఇంకో ఎదురుకాళ్ళవాడు దొరకలేదు. మొన్న చలికాలంలో ఒక పొద్దున ఆ నొప్పి, అద్దె ఎగ్గొట్టి ఇల్లు ఖాళీ చేసినవాడిలా, చెప్పకుండా పోయింది. ఆ రోజు సైదా అందరికీ టీ పోయించాడు. నొప్పి పోతే జబ్బు పోయినట్టే కదా. పాదానికి అరిటాకు చుట్టినట్టుండటాన్ని అతను పట్టించుకోలేదు.

పోయిన నెల యార్డులో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. శ్రీరమ్య అనే ఫిజియోథెరపీ అమ్మాయి అతన్ని కళ్ళు మూసుకోమని, పాదం మీద సూదిమొన ఆనిస్తూ, "ఇప్పుడు తెలుస్తోందా పెద్దాయనా?" అని అడిగింది.

"నువ్వు గుచ్చితే కదమ్మా తెలిసేది!"

ఆ అమ్మాయి నవ్వలేదు. "గుచ్చుతూనే ఉన్నానండి. నొప్పి పోయిందని సంబరపడకండి, లోపల నరం నలిగిపోతోంది. పెద్దాసుపత్రికి రండి."

"పోయావంటే ఆపరేషనంటారు, ఉన్న కాలు కూడా పడిపోద్ది" అన్నారు హమాలీలు. సైదా వెళ్ళలేదు. అంతకుముందు ఎప్పుడూ కళ్ళు మూసుకుని తొక్కేవాడు. ఆ రోజు నుంచి తెరిచి తొక్కుతున్నాడు. చూస్తున్నంతసేపూ కాలు తనదే. బరువు ఎంత పడుతోందో కిందివాడి ఊపిరిని బట్టి తెలుసుకుంటాడు. ఏదో ఒకరోజు ఎవరి వెన్నో విరుగుతుందని అతనికి తెలుసు. మానేస్తే తను గోనెలు కుట్టే ముసలాడు, అంతేనని కూడా తెలుసు. అందుకని రోజూ ఇంకొక్క రోజు అనుకుంటున్నాడు.

ఎండ ముదిరాక, పక్కన రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న రెబ్కా ఉలిక్కిపడింది. "బాబాయ్, నెత్తురు!"

దబ్బనం గోనెలోంచి ఎడమ పాదంలోకి దిగి ఉంది. ఇంకో కుట్టు పడితే పాదం కూడా మిరపకాయలతో పాటు చైనాకు ఎగుమతి అయ్యేది.

"నొప్పెట్టట్లా? అది కాలా, కర్రా?" అంది రెబ్కా.

సైదా దబ్బనం లాగి, గోనెకు తుడిచి, మళ్ళీ కుట్టసాగాడు.

మధ్యాహ్నం ఇద్దరు మనుషులు నడుం పట్టేసిన చెంచయ్యను చంకల కింద పట్టుకుని తీసుకొచ్చారు. చెంచయ్య, సైదా ఒకే ఏడు యార్డులో చేరారు.

"చూడరా సైదా, పల్లకీలో పెళ్ళికొడుకులా వచ్చా!"

"డాక్టరు దగ్గరికి పోరా" అన్నాడు సైదా.

"ఆయనేం చేస్తాడ్రా, మూడు నెల్లు మంచం దిగొద్దంటాడు. నువ్వో తొక్కు తొక్కితే అరగంటలో కాటా దగ్గరుంటా." పట్టా మీద బోర్లా పడుకుని మెడ తిప్పి చూశాడు. "ఏందిరా, కళ్ళు తెరుచుకున్నావ్?"

"తెరిచినా పనిచేస్తదిలే."

"అల్లాని తలుచుకోకుండా తొక్కుతావా? ఇన్నేళ్ళు అందరికీ మూసుకున్నావ్, నా నడుమే లోకువైందా? మూసెయ్."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "మూసెయ్ అన్నా" అన్నారు.

సైదా కళ్ళు మూసుకున్నాడు.

చీకట్లో ఎడమ కాలు లేదు. చేతికి స్తంభం తెలుస్తోంది, కుడి పాదానికి పట్టా గరుకు తెలుస్తోంది. రెండో కాలు ఇంకా గాలిలోనే ఉందనుకుని దించుతున్నాడు. దించుతూనే ఉన్నాడు. టక్కుమంది. పొద్దున్నుంచి అంత లావు శబ్దం రాలేదు. "కూర్చుంది!" అని ఎవరో చప్పట్లు కొట్టారు.

కళ్ళు తెరిచేసరికి పాదం చెంచయ్య పక్కటెముకల మీద ఉంది. తన ఒంటి బరువంతా దాని మీద ఉంది. చెంచయ్య నోరు తెరిచి ఉంది గాని కేక రావడం లేదు.

ఆటోలో ఒత్తిగిలించి పడుకోబెట్టాక చెంచయ్య సైదా చెయ్యి పట్టుకున్నాడు. "నామీదేమన్నా కోపముందేంట్రా?"

"లేదురా."

"మరి లారీ ఎక్కించినట్టు ఎక్కావేంట్రా?"

"తెలవలేదురా. చలికాలం నుంచీ ఆ కాలు నాకు తెలియట్లా."

చెంచయ్య నవ్వబోయి పక్క పట్టుకున్నాడు. "నవ్వించమాకురా, పొడుస్తంది."

ఆటో పెద్దాసుపత్రికి బయల్దేరింది. సైదా షెడ్డులోకి వచ్చేసరికి హయాత్ అనే హమాలీ చొక్కా పైకి లాక్కుని పట్టా మీద పడుకుని ఉన్నాడు. "అంత పెద్ద టక్కు ఎప్పుడూ ఇన్లా సైదన్నా. నాక్కూడా అట్టాంటిదే కావాల."

సైదా ఆ వీపు వైపు చూశాడు. "ఇక తొక్కను."

"అయితే రేపా?" అన్నాడు హయాత్, తల ఎత్తకుండానే.

సైదా దబ్బనం రెబ్కా చేతిలో పెట్టాడు. "చెంచయ్య దగ్గరికి పోతున్నా. ఆ సూది అమ్మాయి ఉంటే, కాలు ఇట్టా అయిందని చెప్తా."

"మళ్ళీ ఎప్పుడొస్తావ్ బాబాయ్?"

అతను అప్పటికే చెప్పులేసుకుని నడుస్తున్నాడు. ఎడమ కాలు నేలను గీసుకుంటూ వెనకబడుతోంది. గేటు దాటి, మెత్తబడిన తారు మీదుగా, లారీల వరస వెనక్కి వెళ్ళిపోయాడు. యార్డుకు మళ్ళీ రాలేదు.

గేటు మధ్యలో అతని ఎడమ కాలి చెప్పు ఊడిపడి ఉంది. నీలం పట్టీ, అరిగిన రబ్బరు మీద నల్లగా అయిదు వేళ్ళ అచ్చులు. లోపలికొచ్చే టిక్కీల లారీలు దాన్ని తప్పించుకుని పోతున్నాయి.