నా లైను, నీ లైను

నాకు కోపం జర ఎక్కువనే. ముందే చెప్తున్న, తర్వాత అనొద్దు. మొన్న జూన్‌ల బడి తెరిచిన నాడు పై నుంచి ఒక పుస్తకం వచ్చింది, ఒకటో తరగతి పిల్లలకు చదువుడు ఎట్ల నేర్పాలె అని. మొదటి పేజీలనే ఉన్నది: ‘పిల్లలను నాలుగు గుంపులు చేయండి.’ తలెత్తి చూసిన. నా ముందట చాప మీద ఒక్క పిల్ల కూసోని ముక్కు తుడుచుకుంటున్నది. ఒక్క పిల్లను నాలుగు గుంపులు ఎట్ల చెయ్యాలెనో గా పుస్తకం రాసినాయన వచ్చి చూపెడితే కాళ్లు మొక్కుదు.

నా పేరు ప్రిస్కిల్లా. ఉండేది మంథనిల. పొద్దున పెద్దపల్లి బస్సెక్కి, స్టేజీ కాడ దిగి, పొలాల నడుమ అర్ధగంట నడిస్తే మా బడి. మా ఆయన వెస్లీ పోయి ఆరేండ్లాయె. పిల్లలు లేరు. ఇంట్ల నేనొక్కదాన్నే, బడిల నేనొక్కదాన్నే టీచర్ను. నడుమ బస్సుల మాత్రం నిలవడ జాగుండది.

నేను వచ్చిన కొత్తల ఈ బడిల నలభై మంది ఉండె. తర్వాత ఊర్లకు పసుపుపచ్చ వ్యాన్లు వచ్చినయి. టై కట్టుకోని, బూట్లు ఏసుకోని, ఒక్కొక్కరే మంథని బడికి వ్యానెక్కి పోయిండ్రు. ఈ ఏడు మిగిలింది మమతారాణి. పేరు పొడుగు, పిల్ల పొట్టి. ఒకటో తరగతి అదే, బడి మొత్తం అదే. వాళ్ల బాపు పరశురాములు మస్కట్‌ల కట్టడం పని చేస్తడు. అవ్వ అనసూర్య పొద్దున పిల్లను బడిల దింపి నాట్లకు, కలుపుకు పోతది.

ఒక్క పిల్లయినా హాజరు పిలిచేదాన్ని. “మమతారాణీ!” అంటే “వచ్చిన టీచర్!” అని లేచి నిలవడుతుండె. ఎదురుంగనే కూసున్నదానికి వచ్చిన అనుడు ఎందుకు అంటే, రివాజు రివాజే. అటెన్క అక్షరాల అట్టముక్కలు చాప మీద పరుస్తం. నేను ‘మ’ అంటే ‘మ’ ఏరాలె. ఇసుకల ఏలితోని రాయాలె. దండెం మీద బొమ్మల పుస్తకాలు ఏలాడుతుంటయి, వాటిల ఒకటి తెచ్చుకోని బొమ్మ చూసి కథ చెప్పాలె. పగటీలి అన్నం తిన్నంక కచ్చకాయలు ఆడుకుంటుండె. రెండో మనిషి లేదు గద, అటుదిక్కు కూసోని ఒకసారి, ఇటుదిక్కు వచ్చి ఒకసారి, రెండు వంతులు తనే ఆడుతుండె. ఒక్కోసారి అటుదిక్కు పిల్ల దొంగాట ఆడిందని దాన్ని తిట్టేది గూడ. నేను నవ్వేదాన్ని. నవ్వే సంగతి కాదని అప్పుడు తెల్వలే.

ఇగ ‘జంటలుగా చదివించండి’ అని గా పుస్తకంల ఉన్నది. జంట యాడికెళ్లి తేవాలె? నేనే జంటయిన. మా మెథడిస్టు చర్చిల ఒక పద్ధతి ఉన్నది. ఆదివారం పాస్టరయ్య ఒక వచనం చదువుతడు, తర్వాతి వచనం మేమందరం కలిసి చదువుతం. మళ్ల అయ్య, మళ్ల మేము. చిన్నప్పటిసంది నా నోటికి గదే అలవాటు. గదే తెచ్చి ఒకటో తరగతిల పెట్టిన. పాత క్యాలెండర్ల ఎన్క స్కెచ్ పెన్నుతోని చిన్న చిన్న కథలు రాసి, చదువుడైనంక దండెం మీద ఏసేదాన్ని. “మొదటి లైను నాది, రెండోది నీది. నా లైను నువ్వు ముట్టొద్దు, నీ లైను నేను ముట్ట” అని చెప్పిన. ఎందుకన్ననంటే, మొదట్ల నా ఎంబడే గొణుగుతుండె. దాని చదువు దానికి రావాలె గద.

వచ్చింది. వానకాలం నడిమిట్లకు పదాలు, సెప్టెంబరుకు లైన్లకు లైన్లు. ఏ రోజు కథ ఆ రోజే కొత్తది రాసిచ్చేది, కంఠస్థం అనుకోకుండ్రి. నేను ఒక లైను చదివి ఆగుత, అది ఏలు పెట్టి తన లైను అందుకుంటది. గడగడ చదువుతది. దాని లైను అయిపోంగనే నా మొకం చూస్తది, నా వంతని.

నిజం చెప్తున్న, దినమంత నేను ఎదురుచూసేది గా అర్ధగంట కోసమే. ఇంట్ల పొయ్యి కాడ, గోడ కాడ నేను ఎన్ని మాటలు మాట్లాడుకున్నా జవాబు రాదు. ఇక్కడ ఒక లైను అంటే ఒక లైను తిరిగొస్తది. గందుకే ఒక్కనాడు గూడ మొత్తం నువ్వే చదువు బిడ్డా అని అనబుద్ధి కాలే. టీచర్‌ను అయ్యుండి గంత మాట తట్టలేదా అంటే, ఏమో, తట్టనియ్యలేదేమో.

దసరా సెలవులకు రెండు రోజుల ముందు అనసూర్య ఫోను పట్టుకోని బడికి వచ్చింది. “టీచరమ్మా, ఈయన ఊకుంటలేడు. పిల్ల సదువుతదా లేదా ఫోన్‌ల సూస్త అంటుండు. సదువకపోతే సెలవులైనంక మంథని బడి వ్యాను ఎక్కియ్యమంటుండు” అన్నది.

“చూడుమను, కండ్లార చూడుమను!” అన్న. నాకు గంత ధీమా. మమతారాణి పోతే బడికి పిల్లలే లేరు, నాకు గా అర్ధగంట లేదు. అయినా ఫికర్ పడలే, పిల్లకు వచ్చు గద.

ఫోన్‌ల పరశురాములు నెత్తి మీద పసుపు టోపీతోని కనవడ్డడు. “నమస్తే టీచర్. మీరు జర అవతలికి జరుగుండ్రి. పిల్లకు మాటలు అందియ్యద్దు” అన్నడు. నాకు కోపమొచ్చింది గని, సరే తియ్యి అని పోయి తలుపు కాడ నిలవడ్డ. అనసూర్య ఫోను పట్టుకున్నది. నేను పొద్దున రాసిన మేక కథ పిల్ల ఒళ్లె ఉన్నది.

మమతారాణి మొదటి లైను మీద ఏలు పెట్టింది. నోరు తెరువలే. నా దిక్కు చూసింది. “చదువు బిడ్డా” అన్న. ఫోను దిక్కు చూసింది. “సదువు బిడ్డా, బాపును గద” అన్నడు పరశురాములు. అది ఫోన్‌నే చూసుకుంట కూసున్నది. నిమిషమాయె, రెండు నిమిషాలాయె. అక్కడ ఎవరో పనికి పిలుస్తున్నట్టు వినవచ్చింది. “సరే, ఎరకైంది తియ్యి” అని పెట్టేసిండు.

నేను ఒక్కటే ఉరుకుల వచ్చి, “నోట్లె నాలుక లేదా? నా ఇజ్జత్ తీస్తివి గదనే!” అని పిల్ల మీద ఎగిరిన. జూన్‌సంది దాన్ని ఒక్క మాట అన్నది లేదు. అది పెదవులు బిగవట్టి, కండ్ల నీళ్లు కాయిదం మీద రాలంగ ఏలు మాత్రం తియ్యలే. ఏలు గా మొదటి లైను మీదనే ఉన్నది.

సెలవులు ఎట్ల గడిచినయో అడగకుండ్రి. బడి తెరిచిన నాడు అనసూర్య వచ్చి “టీసీ రాసియ్యుండ్రి టీచరమ్మా” అన్నది. ఎన్క మమతారాణి కొత్త టై కట్టుకోని ఉన్నది. బీరువ తీసిన, టీసీ పుస్తకం తీసిన, రాస్తున్న. పిల్లకు ఎవరు చెప్పలే, అలవాటు చొప్పున పోయి చాప మీద కూసున్నది. దండెం మీది మేక కథ తెచ్చి ఒళ్లె పెట్టుకోని నా మొకం చూసింది.

పెన్ను చేతిలనే ఉన్నది. నా నోటికి గూడ అలవాటే గద, తెల్వకుంటనే అన్న: “మేక మేతకు పోయింది.”

“దారిలో వాన వచ్చింది” అని ఏలు పెట్టి చదివింది మమతారాణి.

“మేక చెట్టు కిందికి ఉరికింది.”

“అక్కడ ఆవు ఉంది.”

“నాకు చోటు ఉందా? అంది మేక.”

“రా, ఇద్దరం ఉందాం, అంది ఆవు.”

అనసూర్య నోరెల్లవెట్టింది. “ఓసి నీ! మరి గానాడు బాపు అడిగితే ఎందుకు సదువలేదే?”

పిల్ల కాయిదంల ఏలు పెట్టి చూపెట్టింది. “మొదటి లైను నాది కాదు గదనే అవ్వా. టీచర్ దూరం వోయింది. బాపు సదువుతడని సూసిన. బాపు సదువలే.”

పెన్ను పక్కకు పెట్టిన. అన్ని దినాలు నేను నేర్పింది గదే. నా ఒంటరితనం తెచ్చి పిల్ల నాలుక మీద పెట్టిన. పైగ పిల్లనే తిట్టిన. సిగ్గుతోని తల ఎత్తలేకపోయిన.

“గింతేనా, నా తల్లీ!” అని అనసూర్య పిల్లను ముద్దు పెట్టుకున్నది. “గా టీసీ చింపెయ్యుండ్రి టీచరమ్మా. ఆయనకు నేను చెప్త. పిల్ల మీ తానే ఉంటది.”

చింపుదామని చేయి పోయింది, అబద్ధమెందుకు. కాయిదం అంచు పట్టుకున్న గూడ. అప్పుడే కిటికీల పెట్టిన కచ్చకాయలు కనవడ్డయి. అటుదిక్కు ఒకసారి, ఇటుదిక్కు ఒకసారి ఉరికే పిల్ల మతికొచ్చింది. నాకు జంట గావాలెనని దీన్ని ఇంకో నాలుగేండ్లు గిట్లనే కూసోబెట్టుదునా?

“వద్దు అనసూర్యా, పంపు” అన్న. “పిల్లకు చదువు వచ్చు, గది మాత్రం ఆయనకు చెప్పు. గని దీనికి దీని ఈడు పిల్లలు గావాలె. నేను ముసలిదాన్ని, కచ్చకాయలు ఆడనా? ఒక్క గంట ఉంచి పో.”

పోయి చాప మీద దాని పక్కన కూసున్న. “మొన్న తిట్టింది నాదే తప్పు బిడ్డా. కొత్త బడిల అందరు ఎవరి పాఠం వాళ్లే చదువుతరు. ఇగో, నా లైన్లు గూడ నీకే ఇస్తున్న. అన్ని నీయే.”

అది నమ్మనట్టు చూసింది. “మరి మీకు టీచర్?”

“నేను వింట” అన్న.

మొదటి లైను చదివి నా మొకం చూసింది, ముట్టుకుంటే ఏమంటనో అని. మూడో లైను కాడ గూడ చూసింది. ఐదో లైను కాడ చూడలే. ఆవు మాట దాకా ఒక్కతే చదువుకుంట పోయింది. నేను నోరు మూసుకోని విన్న. నా లైన్లు గూడ దాని గొంతుల మంచిగనే ఉన్నయి. కచ్చకాయలు దాని సంచిల ఏసిన, టీసీ మీద సంతకం పెట్టిన, పిల్ల అవ్వ ఏలు పట్టుకోని పోయింది.

బడికి పిల్లలు లేరు. పై నుంచి కాయిదం వచ్చేదాంక రోజు వచ్చి కూసొమ్మన్నరు. పోతున్న, కూసుంటున్న. హాజరు పుస్తకం తీసి మళ్ల మూస్తున్న.

గా ఆదివారం చర్చికి పోయిన. పక్కన, ఎప్పుడు మా వరుసలనే ఉండే సాయవ్వ కూసున్నది. పాస్టరయ్య మొదటి వచనం మొదలుపెట్టిండు. నాకు తెల్వకుంటనే నా గొంతు గూడ లేసింది. అంత చర్చిల రెండే గొంతులు, ఒకటి అయ్యది, ఒకటి నాది. ముందటి వరుసలోళ్లు తిరిగి చూసిండ్రు. సాయవ్వ మోచెయ్యితోని పొడిచి, “ఏందే ప్రిస్కిల్లా, అది అయ్యది. మనది కాదు” అన్నది.

నోరు మూసుకున్న. అయ్య ఆగిండు. రెండో వచనం చర్చి నిండ జనం ఒక్కసారి అందుకున్నరు. నేను అందుకోలే. గన్ని గొంతులల్ల ఒక సన్న గొంతు కోసం ఎతుక్కుంట కూసున్న. మన వంతు వచ్చిందని సాయవ్వ మళ్ల పొడిచింది.