బట్టల తాడు బిగిసింది

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం, తాను చెప్పిందే నిజమవుతుందని. చెరువుగట్టు మీది చెట్టు కూలుతుందని, ఆ సమయానికి దాని కింది బల్ల మీద తన ఏడాది పాప అత్తగారి ఒడిలో ఉంటుందని.

ఆ సంగతి ఆమెకు చెప్పింది బట్టల తాడు. దాని ఒక కొస పెరటి కిటికీ చువ్వకి, రెండో కొస ఆ చెట్టు మానుకి. ఉతకడం, పిండడం, ఆరేయడం, మడతపెట్టడం, పాప తడిపినవి మళ్లీ ఏరుకోవడం, ఇదంతా ఆ ఇంట్లో ఎవరి లెక్కలోనూ పని కాదు. రోజంతా ఇంట్లోనేగా అంటాడు భర్త. రోజంతా ఇంట్లోనే ఉన్న మనిషికే తెలిసేది ఒకటుంది: తడిబట్టలు మోసే తాడు నానాటికీ సాగి వేలాడాలి. ఈ తాడు బిగుస్తోంది. వానలు మొదలయ్యాక మూడుసార్లు ముడి విప్పి కాస్త వదిలింది. వదిలిన ప్రతిచోటా గుర్తుకి ఎర్రదారం కట్టింది. మొదటి దారానికీ చివరిదానికీ మధ్య జానెడు. అంటే చెట్టు ఇంటికి జానెడు దూరమై నీళ్లకి దగ్గరైంది.

ఎందుకో కూడా ఆమెకు తెలుసు. నీ మంచికే అని తొమ్మిదో తరగతి సగంలో బడి మాన్పించారు గానీ, అంతకుముందు సెలవులన్నీ మొక్కల తోటలో పనిచేసే అమ్మ వెంటే గడిచాయి. వేరుకీ ఊపిరాడాలి అనేది అమ్మ. నీటి ఒడ్డున నేల ఎప్పుడూ నానుతూ ఉంటే అడుగున గాలి ఉండదు. వేళ్లు లోతుకి దిగవు, పైపైనే పళ్లెంలా పరుచుకుంటాయి. నీటివైపు పట్టుకుందామంటే మట్టీ మిగలదు, అలలు కిందికింద కొరికేస్తుంటాయి. అయినా ఆ చెట్టు ఉన్న పట్టుతోనే ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చింది. నిరుడు చెరువుకి అందం తెస్తామని మునిసిపాలిటీవాళ్లు వచ్చారు. ఏడాది పొడుగునా నీళ్లు నిండుగా నిలిపారు. చెట్టుకి బలమని మాను చుట్టూ మోకాలెత్తు మట్టి పోసి, పైన సిమెంటు పలకలు పరిచి, నీటివైపు నీడలో బల్ల వేశారు. మెడ దాకా కప్పెట్టి, ఇక గట్టిగా నిలబడమన్నారు. ఆరు నెలల్లో చిటారు కొమ్మలు ఎండాయి.

ఆ పని చేయించిన మేస్త్రీ ఆమె భర్తే.

కంచం ముందు పెడుతూ ఒకసారి చెప్పింది. ఇంజనీరుకి తెలియంది తొమ్మిదో తరగతికి తెలిసిందా అని నవ్వాడు. ఆ నవ్వు చాలక తోటివాళ్లకీ చెప్పాడు. వాళ్లలో ఒకడు దారిలో ఎదురై, వదినగారూ, మా గోడ కూడా కాస్త చూసిపెడతారా అని అడిగాడు. అత్తగారు మాత్రం నవ్వలేదు. కాన్పయ్యాక కొందరికి మనసు బెదురుతుందని, ఆ బెదురు పిల్లకి అంటుకుంటుందని, సాయంత్రం పూట పాపని తానే గాలికి తీసుకెళ్లడం మొదలుపెట్టింది. సరిగ్గా ఆ బల్ల మీదికే.

ఒక సాయంత్రం బట్టలు తీస్తుంటే తాడు తాకితే మోగేలా ఉంది. కిటికీ చువ్వ చెక్కలోంచి వేలెడు బయటికొచ్చింది. చేతిలోవి అక్కడే పడేసి పరిగెత్తింది. పాపని లాక్కుంది, రెండో చేత్తో అత్తగారినీ లేపి ఈడ్చింది. ఆవిడ చెప్పు ఊడిపోయింది. నడకకొచ్చినవాళ్లంతా ఆగి చూశారు. చెట్టు మాత్రం కదల్లేదు.

"నలుగురిలో నా చెయ్యి పట్టి ఈడుస్తావా? నీకు పట్టింది భయం కాదే, పొగరు," అంది అత్తగారు.

రెండు రోజులు ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. మాటలు ఆగాయి గానీ పని ఆగలేదు. ఎంగిలి కంచాలకీ తడిబట్టలకీ మాటలతో అవసరం లేదు.

మూడోనాడు పొద్దున్న, గాలీ వానా లేకుండానే, ఎర్రదారాల దగ్గర తాడు తెగింది. ఆమె తలెత్తేసరికి చెట్టు నడుం నొప్పి మనిషి కూర్చున్నట్టు తాపీగా నీళ్లవైపు ఒరిగింది. వేళ్లు పలకల్ని లేపుకుంటూ పైకొచ్చాయి. బల్ల మాను కింద నుజ్జయింది.

భర్త వచ్చి, నల్లగా కుళ్లిన వేళ్లని కాలితో తన్ని చూశాడు.

"గాలికి పడిందని రాస్తాంలే. ఎవరికీ ఏం కాలేదుగా. దీనికా అంత గోల చేశావు?"

తన మాట తప్పయితే నింద తనది. నిజమైతే పేరు గాలిది. ఇన్నాళ్లూ భయమనుకున్నది కోపమని ఆమెకు అప్పుడే తెలిసింది.

గట్టు మీద ఇంకా ఆరు చెట్లున్నాయి. అన్నిటికీ మెడ దాకా మట్టే, అన్నిటి కిందా బల్లలే. ఇంట్లో ఉన్న తాళ్లన్నీ తెచ్చి, ఒక్కో చెట్టు నుంచి రోడ్డు పక్క దీపస్తంభానికి కట్టింది. బల్లల దగ్గరికి దారి లేకుండా ఆ తాళ్ల నిండా తడిగుడ్డలు ఆరేసింది. పరువు తీస్తున్నావు, విప్పెయ్యమన్నాడు భర్త.

"మీ ఇంజనీరుని రమ్మనండి. ఆయన ఎదుట విప్పుతాను," అంది.

పాపని ఎత్తుకుని నుజ్జయిన బల్లనే చూస్తూ నిలబడ్డ అత్తగారు, మొహం ఇటు తిప్పకుండానే అంది: "ఆ చివరి తాడు బిగిసినట్టుంది. చూడు."

ఇంజనీరు ఇంకా రాలేదు. ఆమె రోజూ పొద్దున్నే ఆరు తాళ్లనీ వేలితో తట్టి చూసుకుంటోంది. మీ ఇంట్లోనో పక్కింట్లోనో, తాడు బిగుస్తోందని ఎప్పుడో ఒకసారి చెప్పి, అందరూ నవ్వాక మళ్లీ నోరెత్తని మనిషి ఒకతి ఉంటుంది. ఇవాళ గాలి లేకపోయినా సరే, వెళ్లి ఆమె ఎలా ఉందో చూసి రండి.