కొక్కేనికి తగిలించినవన్నీ

మా ఇంట్లో సోఫా కాలు విరిగింది నా మోకాలి వల్లేనని మా ఆయన అంటారు. నేను ఒప్పుకోను. అది కొన్న రోజు నుంచే కుంటిది. కానీ మూడు నెలలుగా నా కుడి మోకాలు నా మాట వినడం మానేసిందన్న సంగతి మాత్రం నిజం. కూర్చుంటే ఊగుతుంది, పడుకుంటే దుప్పటిని తంతుంది, భోజనాల బల్ల ముందు కూర్చుంటే గ్లాసులు గలగలమంటాయి. "ఏమ్మా, ఆ భూకంపం కాసేపు ఆపితే నేను తింటాను" అంటారు మా అత్తయ్య.

నేను టవర్ క్రేన్ నడుపుతాను. ముప్పై అంతస్తుల ఎత్తున, స్నానాలగదంత గాజు క్యాబిన్‌లో కూర్చుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా కాళ్ళ మధ్యలోంచి కిందికి చూడటమే ఉద్యోగం. ఆడది తల వంచుకుని బతకాలనే పెద్దమనుషులకు నన్ను చూపిస్తే మురిసిపోతారు. పదిహేడేళ్ళు అలా వంచితే మెడ ఏమవుతుందో మాత్రం వాళ్ళెవరూ చెప్పలేదు. పొద్దున్నే లేచి ఎడమవైపు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి.

కింద నా కళ్ళూ చెవులూ ఈల బాబాయ్. వాకీటాకీలు లేని రోజుల్లో ఈల వేసి సరుకు ఎత్తించేవాడట, ఆ పేరు అలా నిలిచిపోయింది. సరుకు దగ్గర నిలబడి, ఏది ఎంత బరువో చెప్పి, ఎత్తు, దించు, ఆపు అనేది ఆయన. చేసేది నేను. పదకొండేళ్ళుగా ఇద్దరం రోజూ మాట్లాడుకుంటాం, ఎదురెదురుగా నిలబడి మాట్లాడింది తక్కువ.

మూడు నెలల క్రితం ఓ ఉదయం సెంట్రింగ్ పలకల కట్ట ఎత్తాను. పలకల మధ్యలో ఎవరో ఇనుప బిగింపుల గోనెసంచి దోపారు. దాని బరువు ఎవరూ చెప్పలేదు. సగం దూరం వెళ్ళేసరికి అలారం గోల పెట్టింది, క్రేన్ దానంతటదే బిగుసుకుపోయింది, కట్ట ఊగి పరంజాను కొట్టింది. అక్కడున్న ఇద్దరు తాపీమేస్త్రీలు పక్కకు దూకారు. ఒకాయన క్యారేజీ డబ్బా కిందపడి రేకులా చదునైపోయింది. ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. అందరూ అదే మాట చెప్పి, నా భుజం తట్టి వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ డబ్బా ఇంకా పడుతూనే ఉంది.

ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య ఒక కొత్త పద్ధతి వచ్చింది. బాబాయ్ సరుకు బరువు చెబుతాడు. నేను కొక్కెం వేలాడే ఇనుప దిమ్మ బరువు, గొలుసుల బరువు కలిపి పైకి చెబుతాను. అప్పుడాయన "ఇంకా?" అంటాడు. నేను గాజులోంచి కట్టను నాలుగువైపులా చూసి, "ఇంకేం లేదు, లేపుతున్నా" అనాలి. అనకపోతే కొక్కెం కదలదు. కొక్కేనికి తగిలిన ప్రతిదీ లెక్కలోకి రావాలి. చీపురుపుల్ల తగిలించినా సరే.

నిద్ర పట్టడం లేదని కంపెనీ డాక్టరుతో చెప్పొచ్చు. పక్క క్రేన్ మీద పనిచేసిన లంబూ నాకంటే ముందు అలాగే చెప్పాడు. వెంటనే కిందికి దించారు. ఇప్పుడు గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాసుకుంటున్నాడు. ఆరడుగుల మనిషి ఆ చిన్న బల్ల ముందు ముడుచుకుని కూర్చుంటే చూడటానికి నాకే సిగ్గేస్తుంది. ఆ క్యాబిన్ నా చేతిలోంచి పోతే నేను ఏమవుతానో నాకు తెలియదు. అందుకే నోరు విప్పలేదు.

ఇంట్లోవాళ్ళ దగ్గర దాచడం మాత్రం కుదరలేదు.

మొదట మా ఆయన. బడిలో లెక్కలు చెబుతారు కాబట్టి నా నిద్రకో పట్టిక గీసి, బీరువా తలుపుకి అంటించారు. పడుకున్న టైము, దొర్లిన సార్లు. వారం తర్వాత మూలికల మాత్రల డబ్బా తెచ్చారు. మూత మీద చందమామ నవ్వుతున్నాడు. "నిద్రమాత్రలు కావోయ్, అచ్చంగా ఆకులూ పువ్వులూ. ఇవి తప్ప ఇంకేం వేసుకోకు. లేకపోతే దేనివల్ల తగ్గిందో తెలియక నా పట్టిక పాడైపోతుంది." సరేనన్నాను.

తర్వాత మా అన్నయ్య భార్య. వదిన సెలూన్ నడుపుతుంది. రోజంతా నిలబడి చెయ్యెత్తి జుట్టు కత్తిరించి భుజం పట్టేస్తే, సీబీడీ నూనెతో తగ్గిందట. జేబురుమాల్లో చుట్టి చిన్న సీసా తెచ్చింది. "గంజాయి మొక్కలోంచే తీస్తారు గానీ ఇందులో మత్తుండదు. నాలుక కింద రెండు చుక్కలు. నొప్పి, కంగారు, నిద్ర, మూడింటికీ ఇదే."

"మత్తు లేకపోతే గంజాయి దేనికి వదినా? మత్తుంటే నాకెందుకు?"

"నీ వెటకారం నీ మెడకు రాసుకో, తగ్గుతుందేమో చూద్దాం" అంది. నాలుక కింద పచ్చిగడ్డి నమిలినట్టుంది. దీనితో వేరేవి కలపనని వదిన కూడా ఒట్టు వేయించుకుంది.

మూడోది అత్తయ్య. ఆవిడకు సీసాల మీద నమ్మకం లేదు. ఏదో వేరు తెప్పించి, దంచి, కషాయం కాచి, ఫ్లాస్కులో పోసిచ్చారు. మూత తీస్తే వారం రోజులు ఉతకని మేజోళ్ళ వాసన. "ముక్కు మూసుకుని తాగు. మా అమ్మ దీంతోనే నిద్రపోయేది" అన్నారు. మీ అమ్మగారు క్రేన్ నడిపారా అని అడగబోయి మింగేశాను, కషాయంతో పాటే.

ఎవరిది మానేస్తే వాళ్ళకి కోపం. ఎవరిది వాడుతున్నానని చెబితే మిగతావాళ్ళకి కోపం. అందుకని మూడూ మింగి, ముగ్గురికీ "మీదే పనిచేస్తోంది" అని చెప్పాను. పనిచేశాయా అంటే ఏం చెప్పను? ఒక రోజు నాలుగు గంటలు నిద్ర, మర్నాడు గంట కూడా లేదు. మెడ నొప్పి భుజంలోకి దిగింది, మళ్ళీ మెడలోకి వచ్చింది. కాలు కాలిన పిల్లిలా వంటింటికీ వరండాకీ మధ్య తిరగడం మాత్రం మానలేదు. రెండు చుక్కలు నాలుగయ్యాయి, నాలుగు ఆరయ్యాయి. మా ఆయన మాత్రం పట్టికలో ఆకుపచ్చ పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటూ ఆనందపడ్డారు.

ప్రతి సోమవారం పని మొదలుపెట్టే ముందు ప్రథమ చికిత్స గదిలో నర్సు దగ్గర కాగితం నింపాలి. "మందులేమైనా వాడుతున్నారా?" అని అందులో ఒక గడి. "ఏమీ లేవు" అని రాసేదాన్ని. అబద్ధమాడుతున్నానని ఒక్కసారి కూడా అనిపించలేదు. ఆకులూ వేళ్ళూ చుక్కలూ మందులెప్పుడయ్యాయి?

ఆ సోమవారం మెడ మరీ బిగుసుకుపోయింది. లేవగానే ఆరు చుక్కలు వేసుకున్నాను. గుండె దడదడలాడుతుంటే చందమామ మాత్ర వేసుకున్నాను, పగలు కూడా వేసుకోవచ్చని డబ్బా మీదే ఉంది. గుమ్మం దాటుతుంటే అత్తయ్య ఫ్లాస్కు చేతిలో పెట్టారు, దారిలో సగం తాగాను. కాగితంలో "ఏమీ లేవు" అని రాసి పైకెక్కాను.

క్యాబిన్‌లో కూర్చున్న అరగంటకి ఒక వింత గమనించాను. మోకాలు ఊగడం లేదు. దాని మీద చెయ్యి పెట్టి చూశాను. రాయిలా కదలకుండా ఉంది. మూడు నెలల్లో మొదటిసారి నా ఒళ్ళు నా దగ్గర కూర్చుంది. సంతోషంతో కళ్ళు చెమర్చాయి. ముగ్గురికీ చీరలు కొనిపెట్టాలనిపించింది, మా ఆయనతో సహా.

"చువ్వల కట్ట అమ్మాయ్" అన్నాడు బాబాయ్ వాకీటాకీలో. "రెండు టన్నుల రెండొందల కిలోలు."

"దిమ్మ మూడొందలు, గొలుసులు ఎనభై. మొత్తం రెండు టన్నుల ఐదొందల ఎనభై."

"ఇంకా?"

"ఇంకేం లేదు బాబాయ్. లేపుతున్నా."

కట్ట పైకి లేచింది. ఇరవై రెండో అంతస్తు మీదికి తిప్పాను. అక్కడ చువ్వలు వంచే మనిషి, తలెత్తి చూస్తూ, అందుకోవడానికి చేతులు చాపి నిలబడి ఉన్నాడు. నెమ్మదిగా అతని వైపు తెస్తున్నాను.

"ఆపు."

విన్నాను. ఆపు అన్నాడని అర్థమైంది. ఆపాలని అనుకున్నాను. ఆ తర్వాత చెయ్యి లివర్ వదిలింది. ఈ నాలుగింటి మధ్యా ఎప్పుడూ లేని ఖాళీ ఉంది. ఆ ఖాళీలో కట్ట మూరెడు ముందుకు పోయింది. చువ్వలాయన ఒంగాడు. ఒక చువ్వ కొస అతని హెల్మెట్‌ను తీసి, ఎవరో చేత్తో తీసినట్టు, పక్కన పెట్టింది. అతను బోడి తల తడుముకుని, పైకి చూసి నవ్వి, చెయ్యి ఊపాడు. బతికినవాళ్ళు అలాగే నవ్వుతారు.

కట్టను ఖాళీ చోట దించాను. అక్కడివాళ్ళు గొలుసులు విప్పారు.

"అమ్మాయ్, నేను ఆపు అన్నాను."

"విన్నాను బాబాయ్."

"విన్నావు. మరి?"

కొక్కెం పైకి లాగి, దిగేముందు చేయాల్సినట్టే క్రేన్ బ్రేకు తీసి గాలికి వదిలేసి, నిచ్చెన పట్టుకున్నాను. మూడొందల పైచిలుకు మెట్లు. దిగుతుంటే అసలు సంగతి తెలిసొచ్చింది. నాకు భయం వేయడం లేదు. ఒక మనిషి తల వెంట్రుకవాసిలో మిగిలింది, భయపడాలని తెలుస్తోంది, భయం మాత్రం రావడం లేదు. అది ఎంత ఘోరమో మాటల్లో చెప్పలేను. అందుకే ఒక్కో మెట్టునూ రెండు చేతులా కావలించుకున్నంత పని చేశాను. నూట ఇరవయ్యో మెట్టు దగ్గర కుడి మోకాలు కొంచెం వణికింది. దాన్ని చూసి ప్రాణం లేచొచ్చింది.

బాబాయ్ కింద నిలబడి ఉన్నాడు. దగ్గరగా చూసి ఎన్నాళ్ళయిందో. కళ్ళ కింద నల్లగా ఉంది, గెడ్డం సగమే గీసుకున్నాడు.

"ఏం తీసుకున్నావ్?" అన్నాడు.

"ఏం లేదు. మా అత్తయ్య కషాయం ఇస్తారు, నిద్రకి."

"ఇంకా?"

అదే గొంతు. బరువులు అడిగే గొంతు. "మా ఆయన తెచ్చిన మాత్రలు. ఆకులే."

"ఇంకా?"

"వదిన ఇచ్చిన నూనె చుక్కలు. మెడకి. ఆరు."

"ఇంకా?"

"ఇంకేం లేదు" అనబోయాను. ఆ మాట అంటే కొక్కెం లేవాలి. నోరు రాలేదు. చువ్వల కట్టకు చుట్టిన గొలుసు బరువు కూడా కలిపే మనిషిని, మూడు సీసాలు మింగి ఒక్కదాన్నీ లెక్కలో వేయలేదు. ఎన్నాళ్ళో దాచిన మాట అప్పుడు బయటపడింది.

"భయంగా ఉంది బాబాయ్. ఆ డబ్బా పడ్డ రోజు నుంచీ. ప్రతిసారీ ఎవరో ఒకరు కింద ఉంటారని భయం. ఆ భయం పోవాలనే ఇవన్నీ."

ఆయన తలూపాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "పద, నర్సు దగ్గరికి" అన్నాడు.

"లంబూ పక్కన కూర్చోబెడతారు."

"కూర్చోబెట్టనీ."

నాలుగడుగులు వేశాక నాకు ఒళ్ళు మండింది. ఈ పెద్దమనిషి నన్ను మాత్రం వరసగా అడిగేశాడు. ఆ నల్లటి కళ్ళు, ఆ సగం గెడ్డం చూశాను.

"నువ్వేం తీసుకుంటున్నావు బాబాయ్?"

ఆగిపోయాడు. "నాకేం, నేను కిందుంటాను."

"ఇంకా?" అన్నాను.

చొక్కా జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. మూత మీద చందమామ నవ్వుతున్నాడు. వెనక జేబులోంచి ఇంకోటి తీశాడు, నూనె సీసా, వదిన ఇచ్చినలాంటిదే, దాదాపు ఖాళీ.

"ఆ గోనెసంచి నేను చూసుండాల్సింది అమ్మాయ్" అన్నాడు. "కట్ట విప్పి చూడకుండా నీకు బరువు చెప్పింది నేను. ఆ రోజు నుంచి నాకూ కంటి మీద కునుకు లేదు. పొద్దున్న పది చుక్కలు వేసుకుని వచ్చాను." మెడలో వేలాడే వాకీటాకీని అటూ ఇటూ తిప్పాడు. "ఇందాకటి నుంచి ఆలోచిస్తున్నాను. ఆపు అని నేను టైముకే అన్నానా? నువ్వు ఆలస్యం చేశావా, నేను ఆలస్యంగా అన్నానా? నాకు తెలియడం లేదు."

నాకూ తెలియలేదు. పైనున్న చెయ్యి, కిందున్న గొంతు, రెండూ ఒకే సీసాలోవి. మధ్యలో ఒక మనిషి చేతులు చాపి నిలబడ్డాడు. ఒళ్ళు తెలిసే ఉన్నామని మేమిద్దరం కలిసి అతన్ని నమ్మించాం.

ప్రథమ చికిత్స గదిలో నర్సు మా ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. రెండింటిలోనూ ఆ గడిలో "ఏమీ లేవు". కళ్ళజోడు పైకి తోసి తనూ కళ్ళు నలుముకుంది. నా సంచిలోంచి, బాబాయ్ జేబుల్లోంచి తీసిన సీసాలూ డబ్బాలూ ఫ్లాస్కూ బల్ల మీద వరసగా నిలబెట్టి, ఒక్కోదాని మీదున్నది చదివి కొత్త కాగితం మీద రాయడం మొదలుపెట్టింది. అన్నీ కలిపితే ఏమవుతుందో తనకూ తెలియదని, డాక్టరు వచ్చేదాకా ఇద్దరూ కదలొద్దని, ఇక కొన్నాళ్ళు పైకెక్కడం, బరువు చెప్పడం రెండూ బందని చెప్పింది. అనుకున్నంతా అయింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. బాబాయ్ జేబురుమాలు ఇచ్చాడు. దానికీ గడ్డి వాసనే.

"గేటు దగ్గర ఇంకో రెండు కుర్చీలు వేయించాలి" అన్నాడు. ఇద్దరికీ నవ్వు రాలేదు.

గదిలో ఉన్నది ఒక్కటే బెంచీ. పక్కపక్కన కూర్చున్నాం. కిటికీలోంచి నా క్రేన్ కనిపిస్తోంది, ఖాళీ కొక్కెంతో గాలి ఎటు తోస్తే అటు తిరుగుతోంది. కొద్దిసేపటికి నా కుడి మోకాలు ఊగడం మొదలుపెట్టింది. తర్వాత బాబాయ్ ఎడమ మోకాలు. బెంచీ కిర్రు కిర్రుమంటోంది, బల్ల మీద సీసాలు గలగలమంటున్నాయి.

"అబ్బా, కాస్త ఆపండి" అంది నర్సు రాస్తూనే.

ఆపాం. ఇద్దరం ఆపాం. కానీ వెంటనే కాదు.